అల్యూమినియం తెల్లబడిందా? యాసిడ్ జోలికి పోకండి

ఇది మా నాన్న ఆర్‌ఎక్స్ 100. దేవరకొండ దగ్గర మా పొలం దారుల్లోనే అరిగింది. ఈ ఇంజన్ కవర్ చూడండి, సగం మెరుస్తుంది, సగం మసి పూసినట్టుంది కదా? ఆ మసి నా పనే. బాత్రూమ్ కడిగే యాసిడ్ పోసిన. బుసబుసా పొంగితే మురికి పోతుందని సంబరపడ్డ. పోయింది లోహం! 1996లో తయారీ ఆగిన బండి, ఒరిజినల్ కవర్ ఎక్కడ తేవాలె? నాన్న ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

అల్యూమినియానికి గాలి తగలగానే పలచటి ఆక్సైడ్ పొర కడుతుంది. అదే దానికి కాపలా. యాసిడ్ అయినా కాస్టిక్ సోడా అయినా ఆ పొరను తినేసి లోపలికి దిగుతాయి. మరి తెల్ల మచ్చలంటారా, చాలావరకు మన బోరు నీళ్ల సున్నమే. బండి కడిగి తుడవకుండా ఎండలో పెడతాం కదా, అట్ల పేరుకుంటుంది.

ముందు డీజిల్‌తో జిడ్డు తీసి, సబ్బు నీళ్లతో కడగండి. సున్నం మచ్చకు నిమ్మరసం, రెండే నిమిషాలు, వెంటనే కడిగేయాలె. తర్వాత వాటర్ పేపర్‌ను తడుపుకుంటూ 400, 800, 1500 వరుసలో రుద్దాలె. ముందు పేపర్ గీతలు పూర్తిగా పోయాకే తర్వాతది పట్టండి. నేను తొందరపడి రెండుసార్లు మొదటికొచ్చిన. చివర్లో మెటల్ పాలిష్, పాత బనీన్ గుడ్డ. గరుకు భాగాలకు ఇత్తడి బ్రష్ చాలు, ఇనుపది వద్దు.

ఈ సగానికే రెండు ఆదివారాలు పట్టింది. మిగతా సగం తనే రుద్దుతానన్నడు నాన్న.