కోడ్ విండోల పుట్టుపూర్వోత్తరాలు

ప్రోగ్రామర్ చూపు ఒకేసారి నాలుగైదు చోట్ల ఉండాలి. రాస్తున్న ఫంక్షన్, దాన్ని వాడుకునే ఇంకో ఫైలు, ఎర్రర్ సందేశం, రన్ చేస్తే వచ్చిన ఫలితం... వీటిలో కళ్లముందు లేనిదాన్ని బుర్రలో మోయాల్సిందే. కోడింగ్ తెరను భాగాలు చేసిందే ఆ బరువు దించడానికి.

కాలిఫోర్నియాలోని జెరాక్స్ పార్క్ పరిశోధనశాలలో 1973లో ఆల్టో కంప్యూటర్ తయారైంది. దాని తెర వెడల్పు 606 చుక్కలు, ఎత్తు 808. అంత ఇరుకులో అన్నీ పక్కపక్కన పట్టవు. అందుకే అలన్ కే బృందం తమ స్మాల్‌టాక్ అనే ప్రోగ్రామింగ్ వ్యవస్థలో, బల్ల మీది కాగితాల్లా ఒకదానిపై ఒకటి పరుచుకునే విండోలు పెట్టింది. అయితే పై విండోను జరిపితే కింద బయటపడిన భాగాన్ని వెంటనే గీయాలి. నాటి యంత్రానికి అది తలకు మించిన పని. తెరలోని దీర్ఘచతురస్రపు ముక్కను ఒకచోటి నుంచి మరోచోటికి చకచకా కాపీ చేసే ‘బిట్‌బ్లిట్’తో డాన్ ఇంగాల్స్ ఆ పనిని తేలిక చేశారు.

అక్కడే ల్యారీ టెస్లర్ కోడ్ చూడటానికి ఒక బ్రౌజర్ తయారుచేశారు. స్మాల్‌టాక్-80 నాటికి దాని రూపం స్థిరపడింది. పైన వరుసగా నాలుగు జాబితాలు: క్లాసుల వర్గాలు, క్లాసులు, మెథడ్ల వర్గాలు, మెథడ్లు. చివరి జాబితాలో ఒక పేరు నొక్కగానే కింది అరలో దాని కోడ్ ప్రత్యక్షం. వేల మెథడ్లున్న వ్యవస్థలోనూ తానెక్కడున్నాడో ప్రోగ్రామర్‌కు తెలుస్తూనే ఉండేది.

2001 నవంబరులో ఐబీఎం ఓపెన్‌సోర్స్‌గా విడుదల చేసిన కోడింగ్ సాధనం ఎక్లిప్స్ ఇంకో అడుగు వేసింది. దాని వెనకున్న ఓటీఐ సంస్థ అంతకుముందు స్మాల్‌టాక్‌లో ఆరితేరినదే. ఎక్లిప్స్ ప్రత్యేకత ‘పర్‌స్పెక్టివ్’: పనినిబట్టి మారే అమరిక. జావా కోడ్ రాసేటప్పుడు ఎడమన ప్యాకేజీలు, మధ్యన ఎడిటర్, కింద తప్పుల జాబితా. రన్ అవుతున్న ప్రోగ్రామ్, ఆగమని ముందే గుర్తుపెట్టిన బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగగానే, తప్పులు వెతికే డీబగ్ అమరికకు మారాలా అని అడుగుతుంది. సరేనంటే వేరియబుళ్ల విలువలు, ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే కాల్ స్టాక్ ముందుకొస్తాయి.

ఎక్లిప్స్ రూపకర్తల్లో ఒకరైన ఎరిక్ గామా తర్వాత మైక్రోసాఫ్ట్‌లో వీఎస్ కోడ్‌కు సారథ్యం వహించారు. 2015లో వచ్చిన ఈ ఎడిటర్‌లో ప్రధాన స్థానం కోడ్‌దే. మిగతావి పిలిస్తే వస్తాయి, పొమ్మంటే పోతాయి.

కోడింగ్ నేర్చుకుంటున్నవారు వీఎస్ కోడ్‌లో ఈ అమరికలను వెంటనే వాడి చూడాలి. విండోస్ కంప్యూటర్‌లో కంట్రోల్, బ్యాక్‌స్లాష్ కలిపి నొక్కితే ఎడిటర్ రెండుగా చీలుతుంది. ఒకవైపు కోడ్, మరోవైపు దాని టెస్ట్ ఉంచండి. చోటు చాలకపోతే కంట్రోల్, బి నొక్కి పక్క పట్టీని దాచేయండి.