ఆరు, నాలుగు, రెండు, మూడు

మధ్యయుగపు యూరప్‌లో సంగీతం గణితశాస్త్రంలో ఒక భాగం. అంకగణితం, రేఖాగణితం, ఖగోళశాస్త్రం పక్కన నాలుగో విద్యగా దాన్ని చదివేవారు. ఆరో శతాబ్దం తొలినాళ్లలో తత్వవేత్త బోయెతియస్ లాటిన్‌లో రాసిన సంగీత గ్రంథం ఈ చదువుకు శతాబ్దాల పాటు ఆధారంగా నిలిచింది. తీగను సరిగ్గా సగానికి నొక్కి మీటితే పై షడ్జమం పలుకుతుంది. మూడింట రెండు వంతులు మోగితే పంచమం, నాలుగింట మూడు వంతులు మోగితే మధ్యమం. పైథాగరస్ పేరుతో గ్రీకుల నుంచి వచ్చిన 2:1, 3:2, 4:3 అనే ఈ నిష్పత్తుల్లో క్రైస్తవ పండితులు సృష్టికర్త పనితనాన్ని చూశారు. దేవుడు సమస్తాన్నీ కొలతతో, సంఖ్యతో, తూకంతో అమర్చాడన్న మాట వారి జ్ఞానగ్రంథంలోనే ఉంది మరి.

14వ శతాబ్దంలో ఈ లెక్క శ్రుతిని దాటి లయలో వేళ్లూనుకుంది. ఫిలిప్ ద విత్రి పేరుతో ముడిపడిన కొత్త లిపి పద్ధతిలో ఒక స్వరం నిడివిని మూడుగానూ విడగొట్టవచ్చు, రెండుగానూ విడగొట్టవచ్చు. మన తిశ్ర, చతురశ్ర నడకల తేడా తెలిసినవారికి ఇది కొత్త సంగతి కాదు. మూడుకు గుర్తు నిండు వృత్తం, రెండుకు గుర్తు ఒక వైపు తెరిచిన అర్ధవృత్తం. త్రిత్వాన్ని నమ్మే సమాజంలో మూడు పరిపూర్ణ సంఖ్య అయింది, రెండు అసంపూర్ణం అయింది. ఒక ప్రార్థనాగీతపు స్వరాలను సాగదీసి అడుగు గొంతుకు అప్పగించడం, ఆ గొంతు చేత ఒకే లయక్రమాన్ని మళ్లీ మళ్లీ పాడించడం అప్పటి స్వరకర్తల పద్ధతి. ఆ గొంతుకున్న టెనర్ అనే పేరుకు పట్టి ఉంచేది అని అర్థం. కట్టడానికి పునాది ఎలాగో ఆ గొంతు పాటకు అలాగ. స్వరకర్త గియోమ్ ద మషో మాస్ అనే చర్చి ఆరాధన కోసం కూర్చిన తన ప్రసిద్ధ రచనలో కొన్ని భాగాలను ఇలాగే నిర్మించాడు.

ఈ విద్య శిఖరానికి చేరిన రచన ఒకటి ఫ్లోరెన్స్‌లో వినిపించింది. 1436 మార్చి 25న పోప్ నాలుగో యూజీన్ ఆ నగరపు కెథెడ్రల్ సాంటా మరియా దెల్ ఫియోరెను ప్రతిష్ఠించాడు. 1420లో వాస్తుశిల్పి బ్రూనెలెస్కీ మొదలుపెట్టిన మహా గుమ్మటం అప్పటికి దాదాపు పూర్తయింది. కింద నుంచి చెక్క ఆధారాలు నిలపకుండానే అంత వెడల్పున గుమ్మటం లేపడం ఆనాడు ఎవరూ ఊహించని పని. ఆ ఉత్సవం కోసం పోప్ గాయక బృందంలో ఉన్న గియోమ్ ద్యుఫే మోటెట్ అనే నాలుగు గొంతుల గానం ఒకటి కట్టాడు. పోప్ ఆ చర్చికి బహూకరించిన బంగారు గులాబీని తలచుకుంటూ మొదలయ్యే ఆ పాట పేరు ‘నూపెర్ రోసారుమ్ ఫ్లోరెస్’.

చర్చి ప్రతిష్ఠ నాడు పాడే ప్రార్థనాగీతం నుంచి తీసుకున్న స్వరాలను ద్యుఫే ఇద్దరు టెనర్లకు ఇచ్చాడు. ఒకరికొకరు పంచమం ఎడంలో, ఒకరి తర్వాత ఒకరు ప్రవేశిస్తారు. వారి స్వరాలు నాలుగుసార్లు వస్తాయి. రాతలో స్వరాలు అవే, మారేది కాలప్రమాణం మాత్రమే. ఒక్కో ప్రధాన ప్రమాణంలో ఇమిడే చిన్న మాత్రలు మొదటిసారి ఆరు, తర్వాత నాలుగు, ఆపైన రెండు, చివరికి మూడు. అంటే నాలుగు భాగాల నిడివి 6:4:2:3. ప్రతి భాగంలోనూ పై రెండు గొంతులు ముందుగా 28 ప్రమాణాలు విడిగా పాడతాయి, ఆ తర్వాత టెనర్లు కలిసి మరో 28 నడుస్తాయి. పల్లవిని మూడు కాలాల్లో పాడగా విన్న చెవికి ఈ ఆలోచన దగ్గరిదే. కాకపోతే ఇక్కడ అంకెల వరుస మొత్తం రచనకే నక్షా.

ఆ నక్షా ఎక్కడిది? 1973లో చార్ల్స్ వారెన్ అనే పరిశోధకుడు అది ఆ కెథెడ్రల్ కొలతలేనన్నాడు. ఇద్దరు టెనర్లలో గుమ్మటపు లోపలి, బయటి పొరలను కూడా చూశాడు. ఎంతో అందమైన ఊహ, విన్నవారిని వెంటనే ఆకట్టుకుంది. 1994లో క్రెయిగ్ రైట్ ఆ కొలతలు కట్టడానికి సరిపడవని చూపించాడు. ఆ అంకెలు బైబిల్ నుంచి వచ్చాయన్నాడు: అక్కడ సొలొమోను కట్టిన ఆలయం పొడవు 60 మూరలు, అందులో ముందరి మందిరం 40, గర్భాలయం 20, ఎత్తు 30. ద్యుఫే అంకెలు అచ్చంగా ఇవే. ఆ ఆలయం ఏడేళ్లలో పూర్తయింది, పాటలోని 28 అంటే నాలుగు సార్లు ఏడు. ఆ తర్వాత 2001లో మార్విన్ ట్రాక్టెన్‌బర్గ్ కట్టడం పక్షాన మళ్లీ వాదించాడు. అయినా రైట్ వాదానికే బలం ఎక్కువ. ప్రతి కొత్త చర్చినీ సొలొమోను ఆలయానికి ప్రతిరూపంగా భావించిన కాలం అది. ప్రతిష్ఠ ప్రార్థనల్లోనూ ఆ ఆలయం ప్రస్తావన వస్తుంది. స్వరకర్త టేపు పట్టుకుని గోడలు కొలవవలసిన అవసరం లేదు, గ్రంథం అతని ముందే ఉంది.

ఆ నిష్పత్తిని చెవితో లెక్కపెట్టడం ఎవరి వల్లా కాదు. అలాగని అది కాగితానికే పరిమితమైన విద్య కూడా కాదు. మూడో భాగంలో టెనర్లు ఒక్కసారిగా వేగం అందుకోవడం, నాలుగో భాగంలో ఆ వేగం కాస్త నెమ్మదించి మూడు మాత్రల ఊపులో పడడం శిక్షణ లేని చెవికీ తెలుస్తాయి. పాట దాదాపు ఏడు నిమిషాలు. వినేటప్పుడు పై గొంతుల వెంట పోకుండా అడుగున టెనర్లు ప్రవేశించే క్షణం కోసం వేచి ఉండండి. అలాంటి ప్రవేశాలు నాలుగు వస్తాయి.