మాత్రలు మానేయడం వెనుక చెప్పుకోలేని బాధ

"నిద్ర పడుతోందా? చెవిలో మాటలు తగ్గాయా? వేళకు తింటున్నాడా?" స్కిజోఫ్రెనియాకు చికిత్స చేసే డాక్టరు గదిలో సాధారణంగా వినబడే ప్రశ్నలివి. జవాబులు చాలాసార్లు పక్కన కూర్చున్న అమ్మో అన్నో చెబుతారు. పడకగది సంగతి డాక్టరు అడగరు, అమ్మ ముందు కొడుకు నోరు విప్పలేడు. చివరికి చెప్పాపెట్టకుండా మాత్రలు మానేస్తాడు. జబ్బు తిరగబెడుతుంది.

ఈ మందులు మెదడులో డోపమైన్ పనిని అడ్డుకుంటాయి. భ్రమలు, అనుమానాలు తగ్గేది అందువల్లే. అయితే పిట్యూటరీ గ్రంథి నుంచి ప్రొలాక్టిన్ అతిగా ఊరకుండా చూసేది కూడా డోపమైనే. ఆ అదుపు తప్పితే, బాలింతలకు పాలుపట్టించే ఆ హార్మోను అందరిలోనూ పెరుగుతుంది. ఆడవాళ్ళకు నెలసరి ఆగిపోవచ్చు. పెళ్ళికాని పిల్లకు రొమ్ముల్లో పాలు కనబడితే ఇంట్లో లేనిపోని అనుమానాలు రేగుతాయి. మగవాళ్ళకు కోరిక తగ్గడం, అంగం గట్టిపడకపోవడం, రొమ్ములు పెరగడం జరగవచ్చు. ఏళ్ళ తరబడి సాగితే ఎముకలు గుల్లబారవచ్చు.

కొన్ని మందులతో వీర్యం బయటికి రాకుండా మూత్రాశయంలోకి మళ్ళుతుంది. అరుదుగా అంగస్తంభన తగ్గకుండా నిలిచిపోతుంది. 4 గంటలు దాటితే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

అన్ని మందులూ ఒకేలా పనిచేయవు. రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్ ప్రొలాక్టిన్‌ను బాగా పెంచుతాయి. క్వెటియాపిన్, క్లోజపిన్‌లతో ఆ బెడద తక్కువ. అరిపిప్రజోల్ పెరిగినదాన్ని తగ్గించగలదు కూడా. అయితే తప్పంతా మందుదే అనుకోనక్కర్లేదు. దిగులు, మధుమేహం, మద్యం, చివరికి స్కిజోఫ్రెనియా కూడా కారణం కావచ్చు. అందుకే డాక్టరు ముందు రక్తంలో ప్రొలాక్టిన్ చూస్తారు. ఆపైన మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో చేస్తారు.

మందు మార్చే వీల్లేనివారి కోసం వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి వైద్యులు చేసిన ప్రయత్నం ఫలితాలు 2006లో వెలువడ్డాయి. అంగస్తంభన సమస్య ఉన్న 32 మంది మగవాళ్ళకు కొన్నాళ్ళు సిల్డెనాఫిల్, కొన్నాళ్ళు మందులేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఎప్పుడు ఏది మింగుతున్నారో వాళ్ళకు తెలియదు. సిల్డెనాఫిల్ వాడిన రోజుల్లోనే స్పష్టమైన మేలు కనబడింది. గుండెనొప్పికి నైట్రేట్ మందులు వాడేవాళ్ళు మాత్రం దీన్ని ముట్టకూడదు.

మందు మారాక ఆడవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆగిన నెలసరి మళ్ళీ మొదలవకముందే గర్భం నిలవవచ్చు. పిల్లలు వద్దనుకుంటే, మందు మార్చే రోజునే గర్భనిరోధక సాధనాల గురించి డాక్టరును అడగాలి.