తుఫాను లైవ్ చూస్తున్నారా..? పాజ్ నొక్కారంటే మీరు చూసేది పాత వార్తే!

తుఫాను వస్తోందని ఫోన్‌లో న్యూస్ లైవ్ పెట్టారు. మధ్యలో కాల్ వచ్చింది. పాజ్ నొక్కి, పావుగంట మాట్లాడి, మళ్లీ ప్లే నొక్కారు. ఇప్పుడు స్క్రీన్ మీద వస్తున్నది తాజా వార్త అనుకుంటే పొరపాటే. చాలా ప్లేయర్లలో అది పావుగంట కిందటిది!

వజ్రపుకొత్తూరు మండలం అక్కుపల్లి లాంటి తీర గ్రామాల్లో ఈ తేడా చిన్నది కాదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలోనే తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో గాలులు వీచాయి. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. అలాంటి రాత్రి పాత బులెటిన్ చూసి బయటకు అడుగుపెడితే ప్రాణాల మీదకే వస్తుంది.

బటన్ నొక్కితే ఏం జరుగుతుంది?

డిష్ ఉన్న ఇంటికి ఛానళ్ల సిగ్నల్ ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. రిమోట్ నొక్కితే బాక్స్ అందులోంచి ఒకటి ఏరి చూపిస్తుంది. ఇంటర్నెట్ లైన్ మీద వచ్చే టీవీ అలా కాదు. ఛానల్ మార్చగానే బాక్స్ 'ఇది పంపు' అని నెట్‌వర్క్‌ని అడుగుతుంది. అందుకే ఒక్కోసారి బొమ్మ రావడానికి క్షణం పడుతుంది.

వీడియో సర్వర్‌కి ఇలా ఆర్డర్లు వేసే పద్ధతికి 1998లో ఒక ప్రమాణం వచ్చింది. పేరు ఆర్‌టీఎస్‌పీ. ప్లే, పాజ్, టియర్‌డౌన్ అందులో కమాండ్లు. ఒక రకంగా అది నెట్‌వర్క్ రిమోటే.

ఇప్పుడు ఫోన్లలో ఎక్కువగా నడిచే పద్ధతి వేరు. 2009లో యాపిల్ తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్‌లో లైవ్‌ని కొన్ని సెకన్ల చిన్న ముక్కలుగా కోస్తారు. ప్లేయర్ ఒక్కో ముక్కా అడిగి తెచ్చుకుంటుంది. ముక్క 6 సెకన్లు, ప్లేయర్ మూడు ముక్కలు వెనక మొదలైతే అక్కడే 18 సెకన్లు ఆలస్యం. పాజ్ నొక్కితే మీ ఫోన్ ముందుకు కదలదు, అంతే. అవతల లైవ్ మాత్రం ఆగదు. నెట్ స్లో అయి చక్రం తిరిగినా ఇదే పరిస్థితి.

ఏ బటన్ ఎప్పుడు?

• లైవ్: యూట్యూబ్‌లో లైవ్ పక్కన చుక్క ఎర్రగా ఉంటే సరే. బూడిద రంగులో ఉంటే మీరు వెనకబడ్డారు. దాని మీద నొక్కితే తాజా సీన్‌కి వెళ్తారు.

• డబుల్ ట్యాప్: స్క్రీన్ ఎడమవైపు రెండుసార్లు తడితే 10 సెకన్లు వెనక్కి, కుడివైపు తడితే 10 సెకన్లు ముందుకి. ఊరి పేరు సరిగా వినపడకపోతే పనికొస్తుంది. విన్నాక లైవ్ నొక్కడం మర్చిపోవద్దు.

• క్వాలిటీ: సిగ్నల్ తక్కువగా ఉంటే సెట్టింగ్స్‌లో డేటా సేవర్ పెట్టుకోండి. బొమ్మ మసకబారినా మాట ఆగకుండా వచ్చే అవకాశం ఎక్కువ.

• ల్యాప్‌టాప్‌లో: కె నొక్కితే పాజ్, జె వెనక్కి, ఎల్ ముందుకి, ఎం మ్యూట్.

ఇంకో మాట. స్క్రీన్ మీద 'లైవ్' అని ఉన్నంత మాత్రాన నమ్మేయొద్దు. పాత వీడియోని మళ్లీ తిప్పేవాళ్లూ ఉంటారు. బులెటిన్‌లో చెప్పే తేదీ, టైమ్ ఒకసారి చూసుకోండి.

ఏపీ ఫైబర్‌నెట్ లైన్ కరెంటు స్తంభాల మీదుగానే ఊళ్లలోకి వచ్చింది. స్తంభం ఒరిగితే ఏ రిమోటూ పనిచేయదు. అందుకే గాలి మొదలవకముందే ఫోన్ ఫుల్ ఛార్జ్ పెట్టుకుని, ఇంట్లో బ్యాటరీ రేడియో ఉంటే బయటకు తీసి ఉంచుకోండి.