రంగంలో మిగిలినవాళ్ళు

ఉత్తరాంధ్ర పల్లెల్లో పాతతరంవాళ్ళు రంగూన్‌ని 'రంగం' అనేవారు. "ఆడు రంగం పోయాడు" అంటే ఊళ్ళో లేడు, బతికే ఉన్నాడు, డబ్బు పంపుతాడో లేదో చెప్పలేం అని మూడు సంగతులు ఒక్క మాటలో తేల్చేసినట్టు. పోయినవాళ్ళలో కొందరు బంగారంతో తిరిగొచ్చారు, కొందరు మలేరియాతో వచ్చారు. రానివాళ్ళ కోసం అరుగుల మీద కొన్నేళ్ళు ఎదురుచూపులు సాగాయి. ఆ తర్వాత వాళ్ళ వాటా చెక్కలు అన్నదమ్ములు పంచుకున్నారు, కథ అయిపోయిందనుకున్నారు.

కథ అవలేదు. ఆ రానివాళ్ళ మనవలూ మునిమనవలూ ఇవాళ ఒకప్పటి బర్మా అయిన మయన్మార్‌లో, యాంగోన్‌గా పేరు మారిన ఆ రంగూన్‌లో, మోల్మేన్‌లో, మరికొన్ని ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళు పుట్టింది అక్కడ, వాళ్ళ నాన్న పుట్టిందీ అక్కడే. అయినా పౌరసత్వం కోసం ఆఫీసుకు వెళితే ఎదురయ్యే మొదటి ప్రశ్న మాత్రం మారలేదు: మీవాళ్ళు ఈ దేశానికి ఎప్పుడొచ్చారు?

విశాఖపట్నంలో కంచరపాలెం పక్కన బర్మా క్యాంపు ఉంది. 1960ల్లో ఓడ దిగి వచ్చినవాళ్ళకి ఆసరా ఇచ్చిన చోటు. వాళ్ళ పిల్లలకు ఇక్కడ ఓటుంది, రేషన్ కార్డుంది. 'బర్మా' అన్నది వాళ్ళకు పేటపేరుగా మిగిలింది, అంతే. మనకు తెలిసిన బర్మా తెలుగువాళ్ళు వీళ్ళే. ఓడ ఎక్కనివాళ్ళ సంగతి మనం పెద్దగా పట్టించుకోలేదు.

అసలు వాళ్ళు అక్కడికి వెళ్ళిన తీరులోనే ఈ చిక్కుకు బీజం ఉంది. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. కాకినాడ నుంచి రంగూన్ పోవడమంటే చట్టం దృష్టిలో కాకినాడ నుంచి మద్రాసు పోవడం లాంటిదే. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. మేస్త్రి ఊళ్ళోకొచ్చి బయానా ఇస్తాడు, టిక్కెట్టు డబ్బు తనే కడతాడు, ఓడ డెక్కు మీద కుదేసి తీసుకుపోతాడు. రేవులో బస్తాలు మోయడం, బియ్యం మిల్లుల్లో పని, పడవల మీద పని, రిక్షా లాగడం, వీధులూడ్చడం, ఇవీ తెలుగువాళ్ళ చేతికొచ్చిన పనులు. వీళ్ళని అక్కడ 'కోరంగీలు' అనేవారు. గోదావరి పాయ సముద్రంలో కలిసేచోట కోరంగి అనే రేవు ఉండేది కదా, ఆ పేరే ఒక జాతి పేరైపోయింది. ఇప్పుడు మనం మడ అడవులు చూడ్డానికి పోయే కోరంగి అదే.

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు 10 లక్షలు దాటారు. రంగూన్ ఊళ్ళో అయితే జనంలో సగానికి పైగా వాళ్ళే. ఇందులో తమిళ చెట్టియార్ల తీరు వేరు. వడ్డీ వ్యాపారంతో దిగువ బర్మాలో వరి భూములు వాళ్ళ చేతికి వచ్చాయి, భూములకు దస్తావేజులుంటాయి. తెలుగు కూలీ పేరు ఉన్నది మేస్త్రి పద్దులో. ఆ పద్దు ఏ కలెక్టరాఫీసూ దాచిపెట్టే కాగితం కాదు.

స్థానికుల కోపం ముందు తగిలిందీ వీళ్ళకే. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే కంపెనీలు బర్మా కూలీలను దింపాయి. సమ్మె తేలగానే వాళ్ళని పొమ్మన్నాయి. రెండు పేద మూకల మధ్య రాజుకున్న ఆ మంటలో వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది తెలుగువాళ్ళే. కూలి మిగుల్చుకున్న కంపెనీలకు మాత్రం ఏమీ కాలేదు. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ తర్వాత కొన్ని నెలల్లో లక్షలమంది అడవులూ కొండలూ పట్టి అస్సాం, మణిపూర్, చిట్టగాంగ్ దారుల్లో నడిచారు. నడవలేనివాళ్ళు దారిలోనే పోయారు. కాగితాలు ఉన్న కొద్దిమంది కాగితాలు కూడా అప్పుడే పోయాయి.

యుద్ధం అయ్యాక చాలామంది మళ్ళీ రంగం వెళ్ళారు. 1948 జనవరి 4న బర్మాకు స్వాతంత్ర్యం వచ్చింది. ఒక్క మాట ఒప్పుకోవాలి, ఆ కొత్త దేశం రాసుకున్న తొలి నిబంధనలు కఠినమైనవి కావు. బ్రిటిష్ ఏలుబడిలోని ఏ ప్రాంతంలో పుట్టినవాడైనా సరే, స్వాతంత్ర్యానికి ముందు పదేళ్ళలో ఎనిమిదేళ్ళు బర్మాలో ఉంటే, ఇక్కడే ఉండిపోతానని గడువులోగా రాసిస్తే పౌరుడే. యుద్ధంలో పారిపోయినవాళ్ళకు అన్యాయం జరక్కుండా, 1942 జనవరి 1కి ముందు పదేళ్ళు లెక్కేసుకున్నా సరే అన్నారు. అది కుదరకపోతే 1948 పౌరసత్వ చట్టం కింద అయిదేళ్ళు వరసగా నివాసముంటే దరఖాస్తు పెట్టుకునే దారి ఉంది. రెండు తరాల పెద్దలు బర్మాని ఇల్లు చేసుకుని, తల్లిదండ్రులూ తనూ అక్కడే పుట్టి ఉంటే దరఖాస్తుతో కూడా పనిలేదు.

అదే కాలంలో ఇండియా తలుపూ తెరిచే ఉంది. మన రాజ్యాంగం 8వ అధికరణం ప్రకారం తనుగానీ, తల్లిదండ్రుల్లోగానీ, తాతల్లోగానీ, అమ్మమ్మ నాయనమ్మల్లోగానీ ఒకరు ఇక్కడ పుట్టి ఉంటే, రంగూన్‌లోని మన రాయబార కార్యాలయంలో పేరు రాయించుకుని భారత పౌరుడు కావచ్చు.

రెండు తలుపులూ తెరిచి ఉన్న రోజుల్లో చాలామంది గడప దాటలేదు. ఎందుకని అడిగితే నాకు తోచే జవాబు ఒకటే, వాళ్ళకది ప్రశ్నగానే కనపడలేదు. రేపు పని ఉందా లేదా అన్నది ప్రశ్న. వచ్చే సంక్రాంతికి ఊరు పోదామన్నది ఆశ. బర్మా పౌరుణ్ణి అని సంతకం పెడితే ఊళ్ళో చెక్క పోతుందేమోనన్న భయం ఒకవైపు, ఇండియా పేరు రాయిస్తే ఇక్కడ పని పోతుందేమోనన్న భయం ఇంకోవైపు. సంతకం రానివాడికి రెండూ ఒకటే. ఎక్కువమంది విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్డు తీసుకుని దాని మీదే కాలం వెళ్ళబుచ్చారు. అది తాత్కాలికం అనుకున్నారు.

1962లో జనరల్ నె విన్ గద్దెనెక్కాడు. 1964 మార్చిలో దుకాణాలన్నీ జాతీయం చేశాడు, మేలో 50, 100 చాట్ నోట్లు చెల్లవన్నాడు. ఆ దెబ్బతో మూణ్ణాలుగేళ్ళలో సుమారు 3 లక్షలమంది భారతీయులు దేశం వదిలారు. మన బర్మా క్యాంపు కథ ఇక్కడ మొదలవుతుంది. ఆ వచ్చినవాళ్ళలాంటి వారి కోసం 1969లో కేంద్రం రెప్కో బ్యాంకు పెట్టింది. పోగొట్టుకోవడానికి దుకాణం కూడా లేని కూలీలు కొందరు మాత్రం అక్కడే ఉండిపోయారు.

ఉండిపోయినవాళ్ళ నెత్తిన 1982 అక్టోబర్ 15న కొత్త పౌరసత్వ చట్టం పడింది.

ఆ చట్టం పౌరుల్ని మూడు రకాలు చేసింది. తర్వాత్తర్వాత వాటికి రంగులొచ్చాయి. గులాబీ కార్డు ఉంటే పూర్తి పౌరుడు. నీలం కార్డు 1948 చట్టం కింద అప్పటికే దరఖాస్తు పెట్టుకున్నవాడికి. ఆకుపచ్చ కార్డు అసలు దరఖాస్తే పెట్టనివాడికి, అదీ 1948 జనవరి 4కి ముందే వాళ్ళ కుటుంబం దేశంలో అడుగుపెట్టిందని తిరుగులేని రుజువు చూపిస్తే. గులాబీ రంగుకు మొదటి హక్కుదారులు 1823కి ముందునుంచీ ఆ గడ్డ మీద స్థిరపడ్డ జాతులవాళ్ళు. 1823 ఎందుకంటే, ఆ మరుసటి ఏడే ఇంగ్లీషువాళ్ళు బర్మా మీద మొదటి యుద్ధానికి దిగారు. వాళ్ళ వెనక వచ్చినవాళ్ళెవరూ ఈ మట్టి మనుషులు కారన్నది లెక్క. ప్రభుత్వం ఒప్పుకున్న 135 జాతుల పట్టికలో భారతీయులు ఏ పేరుతోనూ లేరు.

(ఇక్కడొక తమాషా ఉంది. ఆ పట్టికలో ఉన్న మోన్ జాతిని బర్మావాళ్ళు పూర్వం 'తలైంగ్' అనేవారు. ఆ మాట 'తెలింగ' నుంచే వచ్చిందని కొందరు పండితుల వాదన. కాదనేవాళ్ళూ ఉన్నారు, మోన్లకైతే ఆ పేరే గిట్టదు. పట్టిక రాసినవాళ్ళు ఇలాంటి గొడవల్లోకి పోలేదు.)

నీలం కార్డువాణ్ణి ఇంగ్లీషులో 'అసోసియేట్' పౌరుడన్నారు, మర్యాదగానే ఉంది. బర్మా భాషలో ఆ మాట 'ఏ నైంగన్‌థా'. అక్కడ 'ఏ' అంటే అతిథి. అతిథి పౌరుడన్నమాట. అతిథి అంటే తిథి చూసుకోకుండా వచ్చినవాడని మన పెద్దలు చెప్పే అర్థం. ఈ చట్టం మాత్రం అతిథిని అడిగేదే తిథి. ఏ ఏడు, ఏ ఓడ, ఏ కాగితం?

పైగా 1948 చట్టంలో ఉన్న అయిదేళ్ళ నివాసం దారి మూసేశారు. ఇప్పుడు కొత్తగా వెళ్ళి అక్కడ ఇరవై ఏళ్ళు కాపురమున్నా ఆ ఏళ్ళకు విలువ లేదు. అక్కడి మనిషిని పెళ్ళాడినా అంతంతమాత్రమే. చట్టం వచ్చేనాటికే విదేశీయుల కార్డున్న భార్యకో భర్తకో తప్ప, తర్వాత వచ్చినవాళ్ళకు పెళ్ళివల్ల పౌరసత్వం రాదు. దరఖాస్తులు తేల్చే సంఘాన్ని 1982 చట్టం హోం, రక్షణ, విదేశాంగ మంత్రులతో ఏర్పరచింది. కాదంటే ఎందుకు కాదన్నారో చెప్పక్కర్లేదు. ఇది నా ఎత్తిపొడుపు కాదు, ఈ చట్టం కింద అధికారం ఉన్నవాళ్ళు కారణాలు చెప్పరాదని చట్టం 71వ సెక్షన్‌లోనే రాసి ఉంది.

లెక్క ఎలా నడుస్తుందో చూడ్డానికి ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. టెక్కలి వైపు నుంచి ఒకాయన 1926లో మోల్మేన్ వెళ్ళాడు. కొడుకు 1936లో అక్కడే పుట్టాడు, మనవడు 1964లో, మునిమనవడు 1994లో. చట్టంలో ఒక వెసులుబాటు ఉంది, మూడో తరం పూర్తి పౌరులు కావచ్చు. అయితే ఆ తరాలను లెక్కపెట్టేది పుట్టుకతో కాదు, కార్డులతో. తాతా నాయనమ్మా ఇద్దరికీ నీలమో ఆకుపచ్చో కార్డుండాలి, తల్లిదండ్రులకీ ఏదో ఒక కార్డుండాలి, అప్పుడు బిడ్డకు గులాబీ. 1982 తర్వాత తాత దరఖాస్తు పెట్టకుండానే పోయాడనుకోండి, గొలుసు అక్కడే తెగింది. ముత్తాత 1948కి ముందు వచ్చాడని మునిమనవడు ఎలా రుజువు చేస్తాడు? వచ్చినప్పుడు పాస్‌పోర్టు అక్కర్లేదు. మేస్త్రి పద్దు చెదలు తినేసింది. ఇరుగుపొరుగు సాక్షులు కాలం చేశారు.

రోహింగ్యాల సంగతి లోకమంతటికీ తెలుసు. ఇదే చట్టం వాళ్ళ విషయంలో ఎక్కడిదాకా పోయిందో 2017లో బంగ్లాదేశ్‌కు పారిపోయిన 7 లక్షల పైచిలుకు మందిని చూస్తే అర్థమవుతుంది. తెలుగువాళ్ళ మీద అంత హింస జరగలేదు, రెంటినీ ఒకే త్రాసులో పెట్టడం తప్పు. వీళ్ళ కష్టం చప్పుడు చెయ్యదు. ఆఫీసులో ఇవాళ కాదు రేపు, ఈ కాగితం కాదు ఆ కాగితం.

సరే, మయన్మార్ కాదంటే మనం రమ్మనలేమా? విదేశాల్లోని భారత సంతతి గురించి 2001లో నివేదిక సిద్ధం చేసిన సింఘ్వీ కమిటీ మయన్మార్‌లో భారత సంతతివాళ్ళలో సుమారు 4 లక్షలమందికి ఏ దేశ పౌరసత్వమూ లేదని అంచనా వేసింది. ఇప్పుడు మన చట్టాన్ని ఆ మునిమనవడి ముందు పెట్టి చూద్దాం. 1955 పౌరసత్వ చట్టం కింద బయటి దేశంలో ఉంటున్న భారత సంతతి మనిషి పౌరుడిగా నమోదు కావాలంటే, తనుగానీ తల్లిదండ్రుల్లో ఒకరుగానీ అవిభక్త భారతంలో పుట్టి ఉండాలి. ఇతని విషయంలో అలా పుట్టింది ముత్తాత. 8వ అధికరణంలో ఉన్న తాతలూ నాయనమ్మల మాట ఇక్కడ లేదు. విదేశీ భారతీయుల ఓసీఐ కార్డు ఉంది కదా అంటారు. దానికి ముత్తాత సరిపోతాడు, 2015 సవరణలో మునిమనవల్ని చేర్చారు. కానీ ఆ కార్డు ఇచ్చేది వేరొక దేశపు పౌరుడికే. ఏ దేశమూ లేనివాడికి ఇవ్వరు. 2019 సవరణ పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్‌లకే, అందులో మయన్మార్ లేదు.

అంటే మయన్మార్ పౌరసత్వం ఇస్తేగానీ మనం ముత్తాతను గుర్తుపట్టం. ఆ పౌరసత్వం వచ్చినవాడికి మన కార్డుతో అంత అవసరమూ ఉండదు. అమెరికాలో డాక్టరుగా స్థిరపడి అక్కడి పాస్‌పోర్టు తీసుకున్న తెలుగువాడికి ఓసీఐ వచ్చినంత సులువుగా, రేవులో బస్తాలు మోసిన కోరంగీ మునిమనవడికి రాదు. మన చట్టం ఎవరిని మనసులో పెట్టుకుని రాశారో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇవన్నీ దాటుకుని ముత్తాత ఊరు వెతుక్కుందామన్నా ఇంకో అడ్డం ఉంది, అది చట్టంలోది కూడా కాదు. బర్మావాళ్ళకు ఇంటిపేర్లుండవు. తండ్రి పేరులో ఒక్క అక్షరం కూడా కొడుక్కి రావాలని లేదు. బడిలో చేర్చేటప్పుడు తెలుగు పిల్లలకూ బర్మా పేరు ఒకటి పెట్టడం మామూలైంది. ఇంట్లో పిలుపుపేరు వేరు, గుడి దగ్గరో తెలుగు బాప్టిస్టు చర్చిలోనో పేరు వేరు, కార్డు మీద పేరు వేరు. టెక్కలి పక్క పల్లెలో ఎవరైనా గుర్తుపట్టేది మాత్రం ఇంటిపేరుతోనే.

మనం ఊహించుకున్న మోల్మేన్ ఇంట్లో ఆ ఇంటిపేరూ, ఊరిపేరూ నాయనమ్మకు నోటికొచ్చు. దరఖాస్తులో పేరుకు గడి ఉంది, జాతికి ఉంది, మతానికి ఉంది, తండ్రి పేరుకు ఉంది. ఆవిడకు తెలిసిన ఆ రెండు మాటలకు గడి లేదు.