బెల్లం పొయ్యి సైజు: పెనం చూసి కాదు, పిప్పి లెక్క చూసి కట్టుకోండి

సొంత చెరకుతో రసాయనాల్లేని బెల్లం వండుకుందాం అనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "పొయ్యి ఎంత సైజులో కట్టించాలి?" చాలాచోట్ల మేస్త్రీ పెనం కొలత తీసుకుని, దానికి తగ్గట్టు గుంత తవ్వి గోడ లేపేస్తాడు. కానీ పొయ్యి సైజు తేల్చాల్సింది రెండు విషయాలు. గంటకు ఎన్ని నీళ్లు ఆవిరి చేయాలి? దానికి మన దగ్గర ఎంత పిప్పి ఉంది?

ఈ లెక్క తప్పితే పిప్పి చాలదు. అప్పుడు కట్టెలు కొనాలి, లేదా పొలంలో ఆచ్ఛాదనగా ఉండాల్సిన చెరకు ఆకును తెచ్చి పొయ్యిలో వేయాలి. కొన్నిచోట్ల పాత టైర్లు కూడా కాలుస్తారు. అలా వండినదాన్ని ప్రకృతి బెల్లం అని ఏ ముఖం పెట్టుకుని అమ్ముతాం?

1 టన్ను చెరకు లెక్క

మామూలు మూడు రోలర్ల గానుగలో 1 టన్ను చెరకు ఆడితే సుమారు 600 కిలోల రసం వస్తుంది, 400 కిలోల పచ్చి పిప్పి మిగులుతుంది. ఆ రసం నుంచి దిగేది 100 కిలోల బెల్లం. అంటే పేరుకి బెల్లం వండుతున్నాం గానీ, అసలు పని 500 కిలోల నీళ్లను ఆవిరి చేయడం.

- రసం 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు రావడానికి: 600 × 70 = 42,000 కిలోకేలరీలు
- నీళ్లు ఆవిరి కావడానికి: 500 × 540 = 2,70,000 కిలోకేలరీలు
- మొత్తం: 3,12,000 కిలోకేలరీలు

ఇక ఇంధనం వైపు చూద్దాం. పచ్చి పిప్పిలో సగం నీరే. ఎండలో బాగా ఆరబెడితే 400 కిలోలు కాస్తా 220 కిలోలవుతుంది. కిలో ఎండు పిప్పికి 3,500 కిలోకేలరీలు వేసుకుంటే 7,70,000. చూడ్డానికి అవసరానికి రెట్టింపు పైనే ఉంది. కానీ ఆ వేడంతా పెనానికి అందదు కదా. పొగగొట్టంలోంచి కొంత, గోడల్లోంచి కొంత, పిప్పి వేసే నోట్లోంచి కొంత పోతుంది.

- 20 శాతం వేడి అందే పొయ్యికి 446 కిలోలు కావాలి. లోటు 226 కిలోలు.
- 30 శాతం అందే పొయ్యికి 297 కిలోలు కావాలి. లోటు 77 కిలోలు.
- 40 శాతం అందే పొయ్యికి 223 కిలోలు. దాదాపు సరిపోయినట్టే.

ఎకరాకు 30 టన్నుల చెరకు అనుకుంటే, 20 శాతం పొయ్యిలో లోటు 6.8 టన్నులు, 30 శాతం పొయ్యిలో 2.3 టన్నులు. ఇది ఏటా కొనాల్సిన ఇంధనం.

గంట లెక్కతో సైజు

600 కిలోల రసం 3 గంటల్లో దించాలనుకుందాం. 30 శాతం పొయ్యి అయితే గంటకు 100 కిలోల ఎండు పిప్పి కాలాలి. నేను కింద ఇనుప కడ్డీల జల్లెడకు చదరపు మీటరుకు గంటకు 100 కిలోలు వేసుకుంటాను. అంటే 1 మీటరు పొడవు, 1 మీటరు వెడల్పు చాలు. గానుగ కూడా దీనికి జోడీ కుదరాలి: గంటకు 330 కిలోల చెరకు ఆడితే, ఒక పెనం దిగేసరికి రెండో పెనానికి రసం సిద్ధం. అంతకన్నా పెద్ద గానుగ పెడితే రసం తొట్టిలో నిలవుండి పులుస్తుంది. ఆ బెల్లం సరిగ్గా గట్టిపడదు.

"ఎందుకైనా మంచిది, కాస్త పెద్దది కడదాం" అనుకోవద్దన్నా. పెద్ద పొయ్యిలో చిన్న మంట పెడితే అవసరానికి మించి చల్లగాలి లోపలికి దూరి వేడిని గొట్టంలోకి మోసుకుపోతుంది. ఇటుక ఎక్కువైతే ఇంకో ఇబ్బంది ఉంది. పాకం 118 డిగ్రీల దగ్గరికి వచ్చాక మంట వెంటనే తగ్గాలి, కానీ కాలిన ఇటుక త్వరగా చల్లారదు, పాకం అడుగంటుతుంది. లావు కట్టెలు వేసినా ఇదే తంటా, నిప్పులు ఆరవు. పిప్పి మనం వేయడం ఆపగానే తగ్గిపోతుంది.

లోటు ఎలా పూడ్చాలి?

మొదటిది, రెండో పెనం. పొగ గొట్టంలోకి పోయే ముందు రెండో పెనం కింద నుంచి పోయేలా కట్టించుకుంటే, తర్వాతి రసం ఊరికే వేడెక్కుతుంది. రసం వేడెక్కడానికయ్యే 42,000 మొత్తం లెక్కలో ఏడో వంతుకు దగ్గర.

రెండోది, పిప్పిని బాగా ఎండబెట్టి పైకప్పు కింద నిలవ చేయడం. తడి పిప్పి వేస్తే అందులోని నీటిని కూడా మన మంటే ఆవిరి చేయాలి.

మూడోది, పొగగొట్టానికి మూత. మంటకు తగ్గట్టు గాలిని తగ్గించుకోవచ్చు.

కట్టే ముందు మీ దగ్గర్లో నడుస్తున్న పొయ్యి దగ్గరికి తూకం కాటా పట్టుకెళ్లండి. ఒక పెనానికి కాలిన ఎండు పిప్పిని, దిగిన బెల్లాన్ని తూచండి. కిలో బెల్లానికి 4.5 కిలోలు కాలితే అది 20 శాతం పొయ్యి, 3 కిలోలైతే 30 శాతం. 2.2 కిలోలకు దిగితే ఆ డిజైన్ కట్టించుకోండి. తూకం ఎలా వేయాలో వీడియోలో చూపించాను. ఆ అంకె వచ్చాకే మేస్త్రీకి అడ్వాన్స్ ఇవ్వండి. పిప్పి పొయ్యికి సరిపోతే, ఆకు నేల మీదే ఉంటుంది.