అస్త్రోపసంహారం కోరిన నౌకాదళాధిపతి

సౌప్తికపర్వం చదివిన విద్యార్థులకు ఒక ఘట్టం జ్ఞాపకముండకపోదు. అశ్వత్థామ బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని ప్రయోగిస్తాడు. ప్రతిగా అర్జునుడూ అదే అస్త్రాన్ని విడుస్తాడు. లోకాలు దగ్ధం కానున్న ఆ క్షణంలో వ్యాసనారదులు నడుమ నిలిచి, ఉపసంహరింపుమని ఇరువురినీ ఆజ్ఞాపిస్తారు. అర్జునునకు అది సాధ్యమైనది, అశ్వత్థామకు కాలేదు. చివరకా అస్త్రం ఉత్తర గర్భంలోని శిశువుపై పడినది. ప్రయోగం నేర్చినవారు పలువురు. ఉపసంహారం నేర్చినవారు అరుదు.

ఈ రెండవ విద్యను గూర్చి జీవితపు ఉత్తరార్ధమంతా బోధించిన సేనాని అడ్మిరల్ లక్ష్మీనారాయణ రాందాస్. ఆయన 1933 సెప్టెంబరు 5న బొంబాయిలోని మాతుంగాలో జన్మించినారు. యౌవనంలోనే నౌకాదళంలో చేరినారు. నౌకాదళానికి ప్రథమ భారతీయాధిపతియైన వైస్ అడ్మిరల్ రామదాసు కటారి ఆయనకు మామగారు. 1971 యుద్ధంలో 'బియాస్' నౌకకు నాయకత్వం వహించి, బంగాళాఖాతంలో శత్రువును దిగ్బంధించిన నౌకాబలంలో పాల్గొన్నారు. అందుకు వీరచక్ర పురస్కారం లభించినది. పిమ్మట విశాఖపట్నం కేంద్రంగా గల తూర్పు నౌకాదళానికి అధిపతియై, 1990 నవంబరు 30న భారత నౌకాదళాధిపతి పదవి నధిష్ఠించినారు. వైద్యశాఖకు వెలుపల కూడ స్త్రీలను అధికారులుగా తీసికొనుట 1992లో వారి కాలంలోనే ఆరంభమైనది. 1993 సెప్టెంబరు 30న పదవీవిరమణ చేసినారు.

అంతవరకు ఇది ఏ సమర్థుడైన అధికారి కథయైనా కావచ్చును. అసలు కథ ఆ తరువాతిది. 1998 మే 11, 13 తేదీలలో పోఖరాన్‌లో మన దేశం అణుపరీక్షలు జరిపినది. అదే నెల 28, 30 తేదీలలో పాకిస్తాన్ కూడ జరిపినది. వీధులలో మిఠాయిలు పంచుతున్న ఆ దినాలలో, అణ్వస్త్రాలు దేశానికి రక్షణ కానేరవని బహిరంగంగా చెప్పిన కొద్దిమందిలో ఈ మాజీ నౌకాదళాధిపతి ఒకరు. అణ్వస్త్ర నిరాయుధీకరణకై 2000లో ఢిల్లీలో ఏర్పడిన ప్రజాసంఘాల కూటమికి వారు ప్రముఖ నాయకులు. భారత పాకిస్తాన్ ప్రజల శాంతివేదికలో కూడ నాయకత్వం వహించినారు. ఒకనాడు ఏ దేశపు నౌకలను దిగ్బంధించినారో ఆ దేశపు పౌరులతోనే చేయి కలిపినారు. ఈ కృషికి 2004లో పాకిస్తాన్‌కు చెందిన ఐ. ఎ. రెహ్మాన్‌తో కలిసి రామన్ మెగసెసే పురస్కారం పొందినారు.

అణ్వస్త్రాలను సమర్థించేవారి వాదం తేలికగా త్రోసివేయదగినది కాదు. ఇరుపక్షాలయందు అస్త్రముంటే భయంచేత ఎవ్వరును ముందుగా ప్రయోగింపరని వారంటారు. పరీక్షలు జరిగిన మరుసటి సంవత్సరమే, 1999లో, కార్గిల్ యుద్ధం వచ్చినది. అణ్వస్త్రాలున్నందుననే అది విస్తరించలేదని ఒకరు. అణ్వస్త్రాలున్నా యుద్ధం ఆగలేదుగదా అని మరొకరు. కాని భయంపై నిలిచిన శాంతి ఒక్క పొరపాటుకైనా తావివ్వరాదు. క్షిపణి కొన్ని నిమిషాలలో చేరగల దూరంలో పెద్ద నగరాలున్న రెండు పొరుగుదేశాలకు ఆలోచించుకొనే వ్యవధి ఎక్కడిది? సైనికుడు శత్రుసైనికునితో పోరాడుతాడు. అణ్వస్త్రానికి ఆ వివక్ష లేదు. 1945లో హిరోషిమాపై పడిన ఒక్క బాంబువలన ఆ సంవత్సరాంతంలోగా సుమారు 1,40,000 మంది మరణించినారు. గర్భస్థశిశువులను కూడ దాని కిరణాలు విడువలేదు. నేడు తొమ్మిది దేశాలవద్ద దాదాపు 12,000 అణ్వస్త్రాలున్నవి.

అధికారంలో ఉండగా ఈ మాట ఎందుకు వినిపించలేదని ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. యూనిఫారం ధరించిన సేనాని ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా ఖండించుట మొదలుపెడితే ప్రజాస్వామ్యానికే ముప్పు. ఆయుధం చేతనున్నవాడు ఎన్నికైనవారికి లోబడియుండవలెను. కాని ఆ శాసనం పదవితోనే ముగుస్తుంది. పదవి విడిచిన పిదప గౌరవమర్యాదలను అనుభవిస్తూ మౌనంగా ఉండుట సులభం. రాందాస్ ఆ సౌలభ్యాన్ని కోరలేదు. వీరచక్రం పొందినవానిని పిరికివాడనుట ఎవ్వరికీ సాధ్యం కాలేదు. ఆ గౌరవాన్ని తన కొరకు దాచుకొనక, ఆ మాట కొరకే వ్యయం చేసినారు.

వారి శంక అస్త్రంతో ఆగలేదు. 2011లో అణువిద్యుత్కేంద్రాల భద్రతను గూర్చి సుప్రీంకోర్టులో దాఖలైన వ్యాజ్యంలో, మాజీ విద్యుచ్ఛక్తి కార్యదర్శి ఇ. ఎ. ఎస్. శర్మ, హైదరాబాదు శాస్త్రవేత్త పి. ఎం. భార్గవ మొదలగువారితో పాటు రాందాస్ కూడ ఉన్నారు. 2024 మార్చి 15న, తమ 90 యేండ్ల వయస్సున, హైదరాబాదులో కన్నుమూసినారు. వారు ఒకప్పుడు సేనాధిపత్యం వహించిన విశాఖలోనే 2009లో అణుజలాంతర్గామి 'అరిహంత్' జలప్రవేశం చేసినది. దేశం వారి మాట వినలేదనుటకు అదే సాక్ష్యం.

వల్లూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు బడులలో చదివే విద్యార్థులకు ఇది దూరదేశపు వార్త కాదు. ఇదే కడపసీమలో, పులివెందుల చెంత తుమ్మలపల్లెలో, 2007లో శంకుస్థాపన జరిగిన యురేనియం గని ఉన్నది. వ్యర్థాల చెరువువలన తమ బావినీరు చెడినదని పరిసర గ్రామాల రైతులు మొరపెట్టుకొన్నారు. యురేనియం దీపమూ కాగలదు, అస్త్రమూ కాగలదు. ఏది కావలెనో నిర్ణయించేది ఖనిజం కాదు, ప్రభుత్వం. ప్రభుత్వాన్ని ప్రశ్నింపవలసినది పౌరుడు. అందుకు విద్యార్థి పదవీవిరమణదాక ఆగనక్కరలేదు.